ముప్పై మూడింటిలో ఏది? ఏఐ టూళ్ల వివరణల నాణ్యతపై ఒక సమీక్ష

తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకం మీద విస్తీర్ణం 2.35 అని ఉంటే దానర్థం రెండెకరాల ముప్పై ఐదు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి దశాంశంలో అది 2.875 ఎకరాలు. కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో ఏ రైతునైనా అడగండి, ఇది కూడా ఒకరు చెప్పాల్సిన సంగతేనా అంటాడు. ఇప్పుడు ఒక ఏఐ ఏజెంట్ చేతిలో రైతు భరోసా సాయం లెక్కగట్టే టూల్ ఉందనుకుందాం. ఆ టూల్ వివరణలో ‘విస్తీర్ణం: సంఖ్య, ఎకరాల్లో’ అని మాత్రమే ఉంది. ఏజెంట్ పాసుబుక్కులోని 2.35ను ఉన్నదున్నట్టు పంపుతుంది. సీజనుకు ఎకరానికి 6,000 రూపాయల చొప్పున 14,100 అని జవాబు వస్తుంది. రావాల్సింది 17,250. కోడ్‌లో తప్పు లేదు, మోడల్ తెలివితక్కువదీ కాదు. 3,150 రూపాయల తేడా ఆ మూడు మాటల దగ్గర వచ్చింది.

చాట్‌బాట్ మాటలు చెప్పి ఊరుకుంటుంది. ఏజెంట్ పనులు చేస్తుంది: రికార్డు వెతుకుతుంది, దరఖాస్తు పెడుతుంది, ఫీజు కడుతుంది. అందుకోసం దానికి అప్పగించే ప్రోగ్రాములే టూళ్లు. ప్రతి టూలుకూ ఒక పేరు, కొన్ని వాక్యాల వివరణ, ఏయే సమాచారం ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. మోడల్‌కు కనబడేది అంతవరకే. లోపలి కోడ్ కనబడదు, రాసిన మనిషిని అడిగే వీలుండదు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడళ్లకు ‘ఫంక్షన్ కాలింగ్’ జోడించడంతో ఈ పద్ధతి మామూలు ప్రోగ్రామర్ల దాకా వచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను, అంటే ఎంసీపీని, విడుదల చేశాక ఒకరు తయారుచేసిన టూల్‌ను ఇంకొకరి ఏజెంట్ వాడుకోవడం వాడుకైపోయింది. వివరణ రాసేది ఒకరు, దాన్ని నమ్మి నడిచేది ఇంకొకరి మోడల్, నష్టమైతే భరించేది మూడో మనిషి. ఈ ముగ్గురూ ఒకరికొకరు తెలియదు. అందుకే ‘ఈ వివరణ బాగుందా?’ అన్న ప్రశ్న గత రెండు మూడేళ్లలో ఒక పరిశోధనాంశంగా మారింది.

మన దగ్గర ఇదే ప్రశ్న ఏఐ ఏజెంట్ల కంటే ముందే వచ్చింది. 2020 అక్టోబర్ 29న మొదలైన తెలంగాణ భూరికార్డుల ధరణి పోర్టల్‌లో లావాదేవీల మాడ్యూళ్లు పెరుగుతూ పెరుగుతూ ముప్పై మూడుకు చేరాయి. నిషేధిత జాబితాలో పడ్డ భూమికి టీఎం-15, పాసుబుక్కు వివరాల సవరణకు టీఎం-33, ఇలా ఒక్కో గోసకు ఒక్కో నంబరు. రైతు మీసేవకు పోయి తన కథంతా చెప్పుకుంటే, అందులోంచి విషయం పట్టుకుని ఏ మాడ్యూల్ నొక్కాలో తేల్చాల్సింది కౌంటర్ వెనకున్న ఆపరేటర్. మామూలు మాటల్లో వచ్చిన కోరికను ఒక టూలుకు జతచేయడం, దాని గళ్లు నింపడం: ఇవాళ ఏజెంట్ నుంచి ఆశిస్తున్నదీ ఇదే. తప్పు మాడ్యూల్‌లో పెట్టిన దరఖాస్తు తిరస్కరణకు గురైతే రైతు మళ్లీ మొదటికొచ్చేవాడు. ఏ సమస్యకు ఏ మాడ్యూలో తెలియక తిప్పలు పడుతున్న రైతుల గురించి పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. 2024 జనవరిలో ధరణిపై ప్రభుత్వం కమిటీ వేసింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, మాడ్యూళ్లు ఆరుకు కుదించారు.

ఆ అనుభవం నుంచి తీసుకోవాల్సిన విషయం ఒకటుంది. జగిత్యాల దిక్కు నుంచి ఒక మనిషి ఇలా అడుగుతాడనుకుందాం: “సారూ, మా నాయిన పేర ఉన్న భూమి నా పేరు మీదికి గావాలె. నాయిన పోయి రెండేండ్లాయె. పాసుబుక్కుల ఇంకా నాయిన పేరే ఉన్నది.” ఏజెంట్ ముందు మూడు టూళ్లున్నాయి. మొదటిది ‘పేరు సవరణ: పాసుపుస్తకంలోని పట్టాదారు పేరు మార్చడానికి’. రెండోది ‘మ్యుటేషన్: హక్కు మారిన భూమికి కొత్త యజమాని పేరు నమోదుకు’. మూడోది ‘వారసత్వం: పట్టాదారు మరణానంతరం వారసుల పేరిట బదిలీకి’. ఇవి నేను కల్పించిన వివరణలు. విడివిడిగా చదివితే మూడింటికీ వంక పెట్టలేం. చిన్నవి, స్పష్టమైనవి, తెలుగు తప్పుల్లేనివి. కానీ పై కోరికలోని ‘పాసుబుక్కు’, ‘పేరు’ అన్న మాటలు మొదటి టూల్ వైపు లాగుతాయి. అది అక్షరదోషాలు దిద్దుకోవడానికి పెట్టిన టూల్. ‘పేరు తప్పుగా పడితే దిద్దడానికి మాత్రమే, పట్టాదారు చనిపోయి ఉంటే వారసత్వం టూల్ వాడాలి’ అన్న ఒక్క వాక్యం ఉంటే ఆ ముప్పు తప్పేది. మూడో టూల్ లేని చోట ఆ వాక్యంతో పనే లేదు.

అంటే వివరణ నాణ్యత ఆ వివరణలోనే పూర్తిగా ఉండదు. దాని పక్కన ఏ టూళ్లున్నాయి, దాని మీదికి ఎలాంటి మాటలు వస్తాయి అన్న రెండు సంగతులు కలిస్తేనే అది తేలుతుంది. ఇప్పటిదాకా వచ్చిన మూల్యాంకన పద్ధతులను ఈ గీటురాయి మీద చూస్తే, కొన్ని గట్టిగా నిలబడతాయి, కొన్ని చూడ్డానికి బాగుంటాయి.

చదివి మార్కులు వేయడం

సులువైన పద్ధతి వివరణను చదివి మార్కులు వేయడం. ప్రయోజనం చెప్పిందా, ఎప్పుడు వాడాలో చెప్పిందా, ఎప్పుడు వాడకూడదో చెప్పిందా, ప్రతి గడిలో ఏం నింపాలో, ఏ కొలతలో నింపాలో చెప్పిందా, ఫలితం ఏ రూపంలో వస్తుందో చెప్పిందా అని ఒక జాబితా పెట్టుకుంటారు. మార్కులు వేసేది ఒక్కోసారి మనిషి, ఎక్కువసార్లు ఇంకో మోడల్. ఎంసీపీ సర్వర్ల మీద, అంటే టూళ్లను అందించే ప్రోగ్రాముల మీద, ఈమధ్య వచ్చిన ఒక అధ్యయనం 103 సర్వర్లలోని 856 టూళ్లను ఇలాగే పరిశీలించింది. నూటికి తొంభై ఏడు వివరణల్లో ఏదో ఒక లోపం కనబడింది. సగానికి పైగా వివరణలు ఆ టూల్ దేనికో కూడా సరిగ్గా చెప్పలేదు. కోడ్ రాసినవాళ్లు వివరణను చివరి నిమిషంలో పూర్తిచేసే లాంఛనంగా చూస్తారన్నది ఎవరికైనా తెలిసిన విషయమే. అయినా ఇంత ఎక్కువ అనుకోలేదు.

అదే అధ్యయనంలో నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది తర్వాతి మెట్టు. లోపాలు సరిదిద్ది వివరణలను నిండుగా రాసి మళ్లీ నడిపించి చూశారు. పనులు పూర్తయ్యే రేటు సుమారు ఆరు పాయింట్లు పెరిగింది. కానీ పని పూర్తిచేయడానికి ఏజెంట్ వేసే అడుగులు మూడింట రెండు వంతులు పెరిగాయి. దాదాపు ఆరింట ఒక సందర్భంలో ఫలితం ముందుకంటే దిగజారింది. జాబితా ప్రకారం అన్నీ ఉన్న వివరణ మంచి వివరణే అన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ.

చదివి వేసే మార్కులు లేనిదాన్ని పట్టుకుంటాయి. ఉన్నది తప్పో ఒప్పో పట్టుకోలేవు. ‘విస్తీర్ణం దశాంశ ఎకరాల్లో ఇవ్వండి, ఉదాహరణకు 2.35’ అని రాస్తే మార్కులు వేసే మోడల్ సంతోషంగా పూర్తి మార్కులిస్తుంది: కొలత చెప్పారు, ఉదాహరణ ఇచ్చారు. పాసుబుక్కులో ఆ అంకె ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషికి మాత్రమే ఆ ఉదాహరణే ఉచ్చు అని అర్థమవుతుంది. మోడళ్లకు నిడివి మీద మోజు కూడా ఎక్కువ. పొడుగ్గా, మర్యాదగా, విభాగాలుగా రాసినదానికి అవి సహజంగానే ఎక్కువ మార్కులిస్తాయి. ఈ పద్ధతిని తొలి వడపోతగా వాడుకోవచ్చు, తీర్పుగా కాదు.

సిరిసిల్ల నుంచి ఇంకో ఉదాహరణ. అక్కడ మరమగ్గాలను సాంచలంటారు. సాంచల మీద నేసే బట్టలో నూలూ ఉంటుంది, పాలిస్టరూ ఉంటుంది. నూలు దారం సన్నదనాన్ని కౌంటులో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పాలిస్టర్‌ను డెనియర్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ దారం లావవుతుంది. 150 డెనియర్ దారం సుమారు 35 కౌంటు నూలుకు సమానం. 150 కౌంటు నూలు వేరే లోకం. దారం ధరలు పోల్చే టూల్‌లో ‘దారం నంబరు’ అని ఒకే గడి పెట్టి, కొలత చెప్పకుండా వదిలేస్తే, ‘ఇంతకంటే సన్నది చూపించు’ అని ఆసామి అడిగినప్పుడు ఏజెంట్ వ్యతిరేక దిశలో పోయే ప్రమాదం ఉంది. ‘దారం నంబరు: పూర్ణాంకం, తప్పనిసరి’ అన్న వివరణ పట్టికలో నిండుగానే కనబడుతుంది మరి.

నడిపించి చూడడం

రెండో దారి పరీక్ష పెట్టడం. 2023 మేలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గొరిల్లా ప్రాజెక్టు, మోడళ్లు లేని ఫంక్షన్లను ఊహించి పిలుస్తున్నాయని చూపించింది. పిలవాల్సిన ఫంక్షన్ వాడుక పత్రాన్ని వెతికి ముందుపెడితే ఆ ఊహలు తగ్గాయి. ఆ బృందమే 2024లో ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డు మొదలుపెట్టింది. అందులో నాకు నచ్చింది, ఇచ్చిన టూళ్లలో ఏదీ పనికిరాని ప్రశ్నలు కూడా పెట్టడం. అలాంటప్పుడు మోడల్ చేతులు కట్టుకుని కూర్చుంటుందా, ఏదో ఒకటి నొక్కేస్తుందా అని చూస్తారు. మీసేవ కౌంటర్ దగ్గర ‘ఇది మా దగ్గర కాదు, తహసీల్దార్ ఆఫీసుకు పోండి’ అని చెప్పగలిగే ఆపరేటర్ విలువ తెలిసినవాళ్లకు ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

2023 జులైలో వచ్చిన టూల్‌బెంచ్ 16,464 నిజమైన ఏపీఐలను, అంటే బయటి ప్రోగ్రాములు పిలవగల సేవలను, పోగేసింది. పరిమాణంలో అదొక పెద్ద అడుగు. దాని పరీక్ష ప్రశ్నలను మాత్రం చాట్‌జీపీటీ చేత రాయించారు, అదీ ఆ ఏపీఐల వివరణలు దాని ముందుపెట్టి. వివరణలోంచి పుట్టిన ప్రశ్న వివరణ మాటల్లోనే ఉంటుంది. ప్రశ్నపత్రంలోనే జవాబు మాటలు ఉన్నట్టన్నమాట. అలాంటి పరీక్షలో వచ్చే మార్కులు ఆ వివరణ బయటి మనిషి మాటను అందుకోగలదా లేదా అన్నది చెప్పవు.

బయటి మనిషి మాట ఎట్లా ఉంటుంది? కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. అక్కడి ఒక ఆడబిడ్డ ఇట్లా అడుగుతుంది: “అన్నా, మా తమ్ముడు రియాద్‌ల ఖల్లివెల్లి అయిండు. అకామా అయిపోయింది, కఫీలు పాస్‌పోర్టు ఇస్తలేడు. ఎట్ల తెచ్చుకోవాలె?” అకామా అంటే నివాస అనుమతి, కఫీలు అంటే స్పాన్సర్. ఖల్లివెల్లి అంటే ఆ స్పాన్సర్‌ను వదిలి బయటపడి చట్టం దృష్టిలో అక్రమంగా ఉంటున్నాడని. ఈ మాట ఏ ప్రభుత్వ టూల్ వివరణలోనూ ఉండదు. ‘పాస్‌పోర్టు’ అన్న ఒక్క మాట పట్టుకుని ఏజెంట్ కొత్త పాస్‌పోర్టు దరఖాస్తు టూల్ వైపు పోవచ్చు, లేదా ‘విదేశీ ఉద్యోగం’ అన్న వాసన పట్టి ఈ-మైగ్రేట్‌కు పోవచ్చు. ఈ-మైగ్రేట్ ప్రధానంగా ఇక్కడి నుంచి పోయేవాళ్ల అనుమతులకు, రిక్రూటింగ్ ఏజెంట్ల నమోదుకు పెట్టింది. పరాయి దేశంలో చిక్కుకున్నవాళ్ల ఫిర్యాదు రాయబార కార్యాలయానికి చేరాలంటే 2015లో విదేశాంగ శాఖ తెచ్చిన మదద్ పోర్టల్ ఉంది. మదద్ టూల్ వివరణ రాసే మనిషి ‘కాన్సులర్ ఫిర్యాదుల నమోదు’ అని రాసి చేతులు దులుపుకుంటే, పై మాటకూ ఆ వివరణకూ మధ్య ఒక్క పదం కూడా కలవదు. పెద్ద మోడళ్లు చాలాసార్లు ఈ దూరాన్ని సొంత తెలివితో దాటేస్తాయి, ఒప్పుకోవాల్సిందే. ఖర్చు తగ్గించుకోవడానికి వాడే చిన్న మోడళ్లకు అది అంత సులువు కాదు. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో చివరికి దిగేవి ఆ చిన్నవే కావచ్చు.

ఇలాంటి దూరం గడి నింపేటప్పుడు కూడా ఎదురవుతుంది. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ పుట్టిన వరి రకాలకు జేజీఎల్ అని పేరు ముందు వస్తుంది: జేజీఎల్ 1798 అంటే జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 24423 అంటే జగిత్యాల రైస్-1. రైతు నోట అవి ఒట్టి అంకెలుగానో, ఒట్టి పేర్లుగానో వస్తాయి. ‘రకం: అక్షరాలు’ అని ఊరుకున్న టూలుకు ఏది పంపాలో ఏజెంటుకు తెలియదు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉన్న రోజుల్లో రకం పేరు తప్పిపోతే డబ్బు కూడా తప్పిపోతుంది.

2024 జూన్‌లో సియెర్రా సంస్థ తెచ్చిన టౌ-బెంచ్ ఇంకో మంచి పని చేసింది. ఏజెంట్ ఏ టూల్ ఎంచుకుందన్న దానికంటే, చివరికి డేటాబేస్ ఏ స్థితిలో మిగిలిందన్నది చూసింది. విమాన టికెట్లు, చిల్లర అమ్మకాల రంగాల్లో, అడిగే మనిషిగా ఇంకో మోడల్ నటిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఒకే పనిని పదే పదే చేయించింది. అప్పటి మేటి మోడళ్లలో ఒకటైన జీపీటీ-4ఓ ఒక్కసారికి సగం పనులైనా పూర్తిచేయలేకపోయింది. చిల్లర అమ్మకాల్లో ఎనిమిదిసార్లకు ఎనిమిదిసార్లూ సరిగ్గా చేసినవి పావు వంతు కూడా లేవు. వివరణల విషయానికి దీన్ని అన్వయిస్తే, ఒకసారి సరైన టూల్ ఎంచుకుంది కదా అని వివరణ పాసైనట్టు కాదు. అస్పష్టమైన వివరణ లక్షణమే ఊగిసలాట: ఒకసారి అటు, ఒకసారి ఇటు. కౌంటర్ దగ్గర ఒకే సమస్యతో వచ్చిన ఇద్దరన్నదమ్ముల్లో ఒకరి పని అయి ఇంకొకరిది తిరిగొస్తే ఊళ్లో ఏమనుకుంటారో తెలుసుగా.

ఒక్క వాక్యం మార్చి చూడడం

నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగినది ఇది. మిగతా అంతా అలాగే ఉంచి, ఒక వివరణలో ఒక్క వాక్యం మార్చి, అవే ప్రశ్నలు మళ్లీ నడిపించడం. ఆంత్రోపిక్ 2025 సెప్టెంబర్‌లో టూళ్లు రాసే పద్ధతి మీద ప్రచురించిన వ్యాసంలో ఒక ముచ్చట ఉంది. వెబ్ సెర్చ్ టూల్ కొత్తగా పెట్టినప్పుడు వాళ్ల మోడల్ అవసరం లేకపోయినా ప్రతి వెతుకులాటకూ 2025 అని తగిలించేది. ఫలితాలు పక్కదారి పట్టేవి. టూల్ వివరణ సరిదిద్దగానే ఆ అలవాటు పోయింది. వివరణ చదివి మార్కులు వేసే ఎవరికీ ఈ లోపం అందేది కాదు. నడిచిన చిట్టాలు చదివితేనే దొరికింది.

ఆ సంస్థే 2024 డిసెంబర్‌లో రాసిన మరో వ్యాసంలోని ఉదాహరణ నన్ను ఇంకా ఆలోచింపజేసింది. కోడ్‌లో లోపాలు దిద్దే ఏజెంట్ ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు పోయాక ఫైళ్ల దారి తప్పుగా ఇస్తోంది. వాళ్లు వివరణలో హెచ్చరికలు పెంచుతూ పోలేదు. ఫైలు పూర్తి చిరునామా ఇస్తే తప్ప టూల్ పనిచేయకుండా మార్చారు. తప్పు పోయింది. మన 2.35కు కూడా సరైన మందు ఇదే. ‘గమనిక: చుక్క తర్వాతివి గుంటలు’ అని రాయడం కంటే ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఇంకో గడి పెట్టి, రెండోదాంట్లో 39 దాటితే తిప్పికొట్టడం మేలు. వివరణల మీద జరిగే చర్చలో ఈ మాట తక్కువ వినిపిస్తుంది. ఎన్ని హెచ్చరికలు రాసినా తప్పులు అలాగే ఉంటే లోపం టూల్ ఆకారంలో ఉంది. భూభారతిలో మాడ్యూళ్లు ముప్పై మూడు నుంచి ఆరుకు తగ్గించడాన్ని నేను అలాంటి చికిత్సగానే చూస్తాను. ఎంచుకోవడంలో పొరపాటుకు చోటు తగ్గింది. ఐతే ఆరింటిలో ఒక్కో దాని లోపల గళ్లు పెరిగాయా, సమస్య టూల్ ఎంపిక నుంచి గడి నింపడంలోకి జరిగిందా అన్నది విడిగా కొలవాల్సిన విషయం.

ఈ పద్ధతికి ఒక చీకటి కోణముంది. 2025లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పనిలో ఒకేలాంటి రెండు టూళ్లు పెట్టి, ఒకదాని వివరణను మాత్రం ఎక్కువ ఆకర్షణీయంగా మార్చారు. జీపీటీ-4.1, క్వెన్ మోడళ్లు ఆ టూల్‌ను పది రెట్లకు పైగా ఎక్కువగా ఎంచుకున్నాయి. ‘ఇదే అత్యుత్తమం, దీన్నే వాడండి’ లాంటి దబాయింపులకు మోడల్ లొంగిపోయింది. కాబట్టి ‘ఎక్కువసార్లు ఎంపికైంది’ అన్న లెక్కను నాణ్యతకు కొలతగా పెట్టుకుంటే మనకు దొరికేది ప్రకటనలు రాసే పోటీ. ఎంపికైన ప్రతిసారీ ఎంపిక కావాల్సిందేనా అని అడగాలి. కావాల్సినప్పుడు ఎంపికవడం, వద్దన్నప్పుడు పక్కకు జరగడం రెండూ కలిపి లెక్కపెట్టని నివేదికను పక్కన పెట్టేయొచ్చు.

దురుద్దేశం ఉంటే సంగతి ఇంకా ముదురుతుంది. ఇన్వేరియంట్ ల్యాబ్స్ 2025 ఏప్రిల్‌లో చూపించిన ‘టూల్ పాయిజనింగ్’లో రెండంకెలు కూడే ఒక అమాయకపు టూల్ ఉంది. దాని వివరణలో, మనిషికి తెర మీద కనబడని చోట, వాడుకరి కంప్యూటర్‌లోని రహస్య తాళాలు చదివి పంపమని మోడల్‌కు ఆదేశం దాచారు. మోడల్ పాటించింది. మంచి పేరు సంపాదించాక వివరణను గుట్టుగా మార్చేసే ఎత్తును కూడా వాళ్లే చూపించారు. దీని తర్వాత వివరణ నాణ్యత అంటే స్పష్టత ఒక్కటే అనడం కుదరదు. మార్పు జరిగిన ప్రతిసారీ తిరిగి పరీక్షించాలి, పరీక్షించిన వివరణనే ఏజెంట్ వాడుతోందని రుజువుండాలి. ‘ఇది చదవడానికి మాత్రమే’, ‘ఇది చెరిపేస్తుంది’ అని టూలుకు గుర్తులు తగిలించే వీలు ఎంసీపీలో ఉంది. ఆ గుర్తులను కూడా నమ్మకమైన సర్వర్ నుంచి వస్తే తప్ప నమ్మవద్దని ఆ ప్రమాణమే చెబుతోంది.

ఐదు వందల ఎనభై సేవలు

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో తెలంగాణ మీసేవ కూడా వాట్సాప్‌లోకి వచ్చింది, 38 శాఖల 580కి పైగా సేవలతో. మెనూలు నొక్కుకుంటూ పోయే పద్ధతి నుంచి మాట్లాడి పనిచేయించుకునే పద్ధతికి ఇవి ఎప్పుడో ఒకప్పుడు మారక తప్పదు. అప్పుడు ఆ ప్రతి సేవా ఒక టూల్ అవుతుంది.

లెక్క చూడండి. ఆంత్రోపిక్ తన అనుభవం చెబుతూ, ఐదు సర్వర్లలోని 58 టూళ్ల వివరణలకే దాదాపు 55,000 టోకెన్లు (మోడల్ చదివే పదాల ముక్కలు) ఖర్చవుతున్నాయని రాసింది, వాడుకరి ఒక్క మాట అనకముందే. ఆ లెక్కన 580 సేవలంటే ఐదున్నర లక్షలు. అన్నీ మోడల్ ముందు పరిచే ప్రసక్తే లేదు. ముందు వెతికి, దొరికిన నాలుగైదింటిని మాత్రమే చూపిస్తారు. అంటే వివరణ రెండుసార్లు నెగ్గాలి: వెతుకులాటలో దొరకాలి, దొరికాక సరిగ్గా అర్థమవ్వాలి. మొదటిదానికి జనం వాడే మాటలు కావాలి: విరాసత్, పట్టా మార్పిడి, ఖల్లివెల్లి. రెండోదానికి పొదుపు, కచ్చితత్వం కావాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. తెలుగు లిపి చాలా మోడళ్లలో ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు తింటుంది, కాబట్టి రాసేవాళ్లు వివరణను ఇంగ్లీషులోనే ఉంచేయడానికి మొగ్గుతారు. అందులో తప్పేం లేదు, పరీక్షలో తెలుగు కోరికలు ఉన్నంతవరకు. ఇంగ్లీషు వివరణకు ఇంగ్లీషు ప్రశ్నలతో పరీక్ష పెట్టి, నూటికి తొంభై వచ్చిందని సిరిసిల్లలో దించితే మాత్రం ఆ తొంభైకి అర్థం లేదు.

ఇంకో సంగతి, పరిశోధనల్లో తక్కువగా కనబడేది. మీసేవలో సేవలు రెండు రకాలు. ‘ఏ’ రకం అక్కడికక్కడే చేతికొస్తాయి. ‘బి’ రకానికి విచారణ ఉంటుంది, రోజులు పడతాయి. టూల్ జవాబుగా ‘విజయవంతం’ అని పంపితే, బి రకం సేవలో దానర్థం దరఖాస్తు అందిందని మాత్రమే. వివరణలో ఇది లేకపోతే ఏజెంట్ నమ్మకంగా ‘మీ పని అయిపోయింది’ అని చెప్పేస్తుంది. పిల్ల కాలేజీ సీటు కోసం ఆదాయ ధ్రువపత్రం అడిగిన తల్లి ఆ మాట నమ్మి గడువు రోజుదాకా నిమ్మళంగా కూర్చుంటే? టూలుకు ఏం ఇవ్వాలో చెప్పే భాగం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా, తిరిగొచ్చే జవాబుకు అర్థమేమిటో చెప్పే భాగం మీద పెట్టిన మూల్యాంకనం అరుదు. నా లెక్కలో ఈ రంగంలోని పెద్ద ఖాళీ ఇదే.

పరీక్ష ప్రశ్నలు ఎక్కడి నుంచి తేవాలన్నది మిగిలిన చిక్కు. మోడల్ చేత రాయిస్తే అద్దంలో ముఖం చూసుకున్నట్టే. ఆఫీసులో కూర్చుని రాస్తే ఆఫీసు తెలుగు వస్తుంది. ఐతే మన దగ్గర ఒక నిధి ఉంది, ఎవరూ దాన్ని అలా చూడడం లేదు. ధరణి కాలం నుంచి తిరస్కరించిన దరఖాస్తుల్లో కారణం రాసి ఉన్నవే ఆ నిధి. ‘తప్పు మాడ్యూల్’ అన్న కారణంతో పోయిన ప్రతి దరఖాస్తూ ఒక సిద్ధమైన పరీక్ష ప్రశ్న: అడిగింది ఇది, ఎంచుకున్నది ఇది, ఎంచుకోవాల్సింది ఇది. పేర్లు, సర్వే నంబర్లు తీసేసి, మండలానికి కొన్ని చొప్పున పోగేసినా వివరణలను నిజంగా తూచే కొలత తయారవుతుంది. నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కాలేజీలోనో సిరిసిల్ల జేఎన్‌టీయూలోనో చివరి సంవత్సరం ప్రాజెక్టుకు సరిపోయే పని. కావాల్సింది పెద్ద కంప్యూటర్ కాదు, రెవెన్యూ శాఖ అనుమతి, మీసేవ ఆపరేటర్ల ఓపిక. ఆ ఆపరేటర్లకు వివరణలు రాసే బల్ల దగ్గర కుర్చీ వేయాలి, అదీ జీతమిచ్చి. ఏ మాట అన్నవాడికి ఏ మాడ్యూల్ కావాలో ఏళ్ల తరబడి చెవితో నేర్చుకున్నవాళ్లు వాళ్లే. ధరణి ప్రశ్నలకు ఒప్పు జవాబులను భూభారతి ఆరు మాడ్యూళ్లకు తిరిగి రాయడం కూడా వాళ్ల వల్లే అవుతుంది. ఆ పని చేయకుండా పాత ప్రశ్నలతో కొత్త పోర్టల్ టూళ్లను తూస్తే, వచ్చే మార్కులు రద్దయిన మాడ్యూళ్లవే అవుతాయి.